లెఫ్ట్ మెయిన్

రిజిస్టరులో ఆయన పేరు పక్కన
ఎర్ర సిరాతో 'గండి' అని రాసింది నేనే.
డాక్టరుగారు కొట్టేసి
పెర్ఫొరేషన్ అని రాయమన్నారు.

ఆ మాట నాది కాదు, తవిటయ్యది.
శ్రీకాకుళంలో మా కేథ్‌ల్యాబ్ బల్ల మీద పడుకోబెట్టి
లెఫ్ట్ మెయిన్‌లో పూడిక ఉందని చెబితే
నవ్వాడా మనిషి.
"నాకు తెల్దేటి బాబూ,
గొట్టా కాడ లెఫ్ట్ మెయిన్ మీదే కదా
ముప్పయ్యేళ్లు లస్కరు పని సేసినాను."

రెండో గంటలో
వెంట్రుక కన్నా కాస్త లావుపాటి తీగ
సున్నం గట్టిన చోట దారి వెతుకుతూ
వెతుకుతూ
గోడలోంచి అవతలికి పోయింది.
తెర మీద మందు నల్లగా పాకింది,
గట్టు దాటిన నీళ్లు మడిలోకి పాకినట్టు.
గదిలో ఎవరూ నోరు విప్పలేదు.
బల్ల మీంచి ఆయనే అడిగాడు:
"గండి పడిపోనాదేటమ్మా?"

బీపీ అరవై.
చిల్లు మీద బుడగ ఉబ్బించి పట్టారు డాక్టరుగారు.
నేను గడియారం చదివాను.
తలుపు దింపితే కింద చేలు ఎండుతాయి,
ఎత్తితే గట్టు పోతుంది.
మూడు నిమిషాలు. వదలడం. మళ్లీ మూడు.
గుండె చుట్టూ చేరిన రక్తాన్ని
సిరంజి తర్వాత సిరంజి తోడాం.
చివరికి తొడుగున్న స్టెంటు.
ల్యాబ్‌లో అదొక్కటే ఉంది,
దాని గడువు ఆ నెలాఖరుకి.

పదకొండేళ్లుగా ఏటా ఫోన్లు చేస్తాను.
కాగితం మీద రెండే గడులు: ఉన్నారు, లేరు.
ఆ రోజే, తవిటయ్య కన్నా ముందు,
నలభై నిమిషాల్లో మరక లేకుండా ముగిసిన కేసు
రాజాం బట్టల కొట్టాయనది.
రెండో ఏడే 'లేరు' దగ్గర టిక్కు పెట్టాను.
ఎందుకని రాయడానికి చోటు లేదు.

ఈ ఏడు తవిటయ్య ఎత్తలేదు.
నాలుగు రోజులు గడి ఖాళీగా ఉంచాను,
పెన్ను మూత తియ్యకుండా.
అయిదో రోజు ఆయనే చేశాడు. వెనక నీళ్ల చప్పుడు.
"నీరొదిల్నారమ్మా. గట్టెంట ఎల్లొచ్చేను."
రిటైరయ్యావు కదా తాతా, నీకెందుకు?
"గండి పూడ్సిన కాడ రోజూ సూడాల."
ఎన్నేళ్లు?
కాసేపు నీళ్లే వినిపించాయి.
"మాత్రలు ఏసుకుంతన్నాన్లే," అన్నాడు.

టిక్కు పెట్టాను.
తర్వాతి నంబరు పొందూరుది.
మోగుతోంది.