కుట్టు విప్పాక

పర్లాకిమిడిలో కొమ్ముబొమ్మలు చేసే వీధి చివర
నా బైండింగు కొట్టు.
ఒరియా బడి రిజిస్టర్లు, తెలుగు వడ్డీ చిట్టాలు,
ఏ భాషదైనా, వీపు విరిగితే నా బల్ల మీదికే.

కరుణాకరం పాస్టరుగారు రెండు తెచ్చారు.
ఒకటి వాళ్ల తాతల నాటి వేదపుస్తకం,
రెండోది కొండమీది సవర పల్లె సంఘం రిజిస్టరు.
వెనకే మేనల్లుడు నతానియేలు,
సెమినరీ చదువు,
చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్సిళ్లు.

మొదటి ఐదు కాండాల నిండా గీతలే.
యెహోవా అన్నచోట ఎరుపు,
దేవుడు అని ఊరుకున్నచోట నీలం,
మూరలూ జేనలూ కొలిచే యాజకుడి చేతికి పచ్చ,
చెప్పిన ఆజ్ఞలే మళ్లీ మొదట్నించీ చెప్పే గొంతుకి గోధుమ.
ఓడలోకి జంతువులు ఒకచోట రెండేసి,
నాలుగు వరసలు దాటితే ఏడేసి.

"ఒకే చెయ్యయితే ఇంత తడబడుతుందా మావయ్యా?
మోషే తన చావు తనే రాసుకున్నాడా?
తన గోరీ జాడ ఎవరికీ తెలీదని తనే చెప్పాడా?"

పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"దేవుడు ముందే చూపించాడు, రాశాడు.
నీకు చూపించలేదు, అంతే."
తర్వాత గొంతు తగ్గించి నాతో:
"ఆ రంగులు రబ్బరుతో పోతాయా?"

నేను వాళ్ల సంఘం వాణ్ని కాను.
నాకు తెలిసింది దారం.
వేదపుస్తకం వీపు చీరితే
లోపల అట్టకి అంటించిన ఒరియా హాజరు పట్టీ,
గోపీనాథ అనే కుర్రాడు మూడు రోజులు బడికి రాలేదు.
ఎనభై ఏళ్లుగా వాడు
ఆదికాండం వెనక నక్కి కూర్చున్నాడు.

ఇక రిజిస్టరు.
మొదట్నించీ చివరిదాకా ఒకే చేతిరాత,
దయానిధి ఉపదేశిది.
'ళ' చివర చేపల గాలంలా ఒక వంపు.
పెళ్లిళ్లు, బాప్తిస్మాలు,
గొమాంగోల ఇంట పుట్టిన కవలలు,
పులి ఎత్తుకుపోయిన మేక,
తెలుగు అక్షరాల్లో సవర పేర్లు
ఇరుకు చొక్కా తొడుక్కున్నట్టు.
ఆఖరి పేజీలో, అదే చెయ్యి, అదే గాలం:

"ఈ దినము తెల్లవారుజామున
దయానిధి ఉపదేశి వేళ్లు చల్లబడి నిద్రించెను.
ఈ కొండమీద ఇటువంటివాడు మరి లేడు."

నతానియేలు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.
పాస్టరుగారు ఏమీ అనలేదు,
ఆ పేజీ మాత్రం రెండుసార్లు చదివారు.

శుక్రవారం సెరంగో బస్సు దిగి సువర్తమ్మ వచ్చింది,
ఉపదేశి భార్య,
రిజిస్టరు ఎప్పటికిస్తావని అడగడానికి.
వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు, వాదన కూడా.

"నానే రాసినాను బాబూ.
పదకొండేళ్లు కళ్లు నేవు ఆయనకి.
ఆయన సెప్పీవోడు, నాను రాసీదాన్ని.
నా అచ్చరాలు సూసి కమిటీవోళ్లు ఒప్పుకోనేదు.
అంచేత ఆయన అచ్చరాలే నేర్సుకున్నాను."

మరి ఆఖరిది?

"ఆ పొద్దు ఆయన సెప్పనేదు కదా."

టీ చల్లారిపోయింది. ఆమే మళ్లీ:
"అంతకుముందువి మాత్రం అన్నీ ఆయన సెప్పినవేటి?
మేక సంగతి రాయొద్దన్నాడు.
మేక పోనాది నాది. రాసీసినాను."

నతానియేలు పెన్సిళ్లు బయటికి తీశాడు.
ఏవి ఆయనవో ఏవి మీవో చూపించగలరా అమ్మా?
ఆమె వేలు ఒక వరస మీద ఆగింది,
ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది.
"ఏమో నాయనా.
కాపరం కదా."

మైలుతుత్తం కలిపిన మైదా
పొయ్యిమీద అడుగంటే వాసన.
రబ్బరు సంగతి పాస్టరుగారు మళ్లీ ఎత్తలేదు.
నేనూ గుర్తు చెయ్యలేదు.
ఎరుపూ నీలం ఉన్నవి ఉన్నట్టే సూదికి ఎక్కాయి,
గోపీనాథని కూడా మళ్లీ అంటించాను.

గుమ్మం దిగుతూ సువర్తమ్మ వెనక్కి తిరిగింది.
"రిజిస్టరుకి ఎనకాల
రెండు తెల్లకాయితాలు ఎక్కువెట్టు బాబూ."

ఎవరు రాస్తారని అడగలేదు.
మూడు పెట్టాను.