ఇనపతాడి

"ఎడమ చెయ్యి ఎత్తండమ్మా. ఇంకొంచెం.
వేళ్లు కలపండి, చిటికెడు ఉప్పు తీసినట్టు.
ఆ. కదలకండి."
ఇలా రోజుకి నలభైమంది చేత
టవరు కొస పట్టించేవాణ్ణి, బీచి రోడ్డులో.
ఫోటో ముప్పై. ఫ్రేముతో ఎనభై.

పారిస్‌లో అసలు ఐఫిల్ టవరు చూసినవాడు
నాకు తెలిసి ఒక్కడూ రాలేదు.
అయినా అందరూ అన్నారు, అచ్చం అలాగే ఉందని.
రాయగడ నుంచి, పార్వతీపురం నుంచి
పాసింజరు బండి దిగి,
సబ్‌మెరైను లోపల ఒకసారి వంగి నడిచి,
చెమటతో ఇక్కడికొచ్చి
మెడ వెనక్కి వాల్చి చూసేవారు.

డెబ్బై రెండడుగులు.
రాతిపలక మీద అయిదుగురి పేర్లు,
ప్రారంభించినాయన పేరు రెండుసార్లు.
అతికినవాడి పేరు దానయ్య. ఆటోనగర్.
అతని ముంజేతి మీది కాలిన చుక్కలు చూశాను,
లెక్కపెట్టలేదు.

ఉప్పుగాలి ఊరుకుంటుందా.
మొదటి ఏడాదే మూడో కాలికి, మడమ దగ్గర,
బెల్లం పాకం రంగు.
గీకేవారు, ఎర్ర ప్రైమరు పూసేవారు,
పండక్కి లైట్లు చుట్టేవారు.
కింద మురీ మిక్చరు అమ్మే నీలవేణి
పొట్లంలో రాలిన తుప్పు పెచ్చుని
ఉఫ్ అని ఊదేసి
నిమ్మకాయ పిండేది.

మా అయ్య పోలారావుకి ఫోటోలంటే చిరాకు.
కానీ తెల్లారగట్ల, ఒడ్డుకి నాలుగు మైళ్ల అవతల,
ఇంజను ఆపిన పడవలో
ఆయనా ఒక కన్ను మూసేవాడు,
చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టేవాడు.
"ఒరే గుంటా, ఇనపతాడి
సింహాచలం కొండ నడుం మీదికి ఎక్కాల.
ఇంకా ఎక్కలేదు. లాగు.
ఎడం పక్క యారాడ దీపం ఎక్కడుందో సూడు.
ఆపు. ఇదే."
గాలం ఇరవై రెండు బారలు దిగి
రాయిని తాకేది.
ఆ రాయి చుట్టూ కోనాలు తిరిగేవి.

మా తాతకి ఆ రాయికి గుర్తు
ఏదో మిల్లు పొగగొట్టం.
అది కూలగొట్టాక చాన్నాళ్లు రాయి దొరకలేదు,
ఇల్లు మారిన చుట్టంలా.
షికారొచ్చినవాళ్ల కోసం నిలబెట్టిన ఇనుము
దాన్ని మళ్లీ పట్టిచ్చింది.

ఫోటోకి నిలబడ్డ ఒక మాస్టారు చెప్పారు,
అక్కడి టవరునీ ఇరవై ఏళ్లకి విప్పేద్దామనే కట్టారట.
తీగ లేకుండా వచ్చే కబుర్లు
దాని నెత్తి మీద అందుతాయని తెలిసి
ఉంచేశారట.
ఆ మాట అయ్యకి చెప్పాను.
మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని
అర్జీ రాయించుకుని ఆఫీసుకెళ్లాడు.
గుమస్తా రెండుసార్లు చదివి
"ఇది ఏ సెక్షన్‌కి వెళ్తుంది?" అని అడిగాడట.
వెటకారం కాదు, నిజంగానే.

గ్యాసు కట్టర్లతో వచ్చినవాళ్లలో దానయ్య ఉన్నాడు.
ఏ అతుకు ఎక్కడుందో తెలిసినవాడని
కాంట్రాక్టరు పిలిచాడట.
కొస ముందు కోసి, తాడు కట్టి,
నూతిలోంచి నిండు బిందె లాగినంత మెల్లగా
కిందికి దించాడు.
మిగతాదంతా కిలోల లెక్కన లారీ ఎక్కింది.
కొసని మాత్రం కాసేపు పక్కన పెట్టుకున్నాడు.
ఒక బీడీ అయ్యేదాకా.
తర్వాత అదీ ఎక్కించాడు.

ఇప్పుడు నాలుగు సిమెంటు దిమ్మలున్నాయి.
ఒకదాని మీద నీలవేణి డబ్బాలు పెట్టుకుంది.
నేను సబ్‌మెరైను వైపు మారాను.
దాని ముక్కు ఎవరి చిటికెలోనూ పట్టదు,
బేరం సగానికి పడింది.

అయ్య మాత్రం వెళ్తూనే ఉన్నాడు.
మొన్న నేనూ వెళ్లాను.
కన్ను మూసి చెయ్యి చాచాడు.
"దేన్ని చూస్తున్నావు?"
"మాటాడకు."
కొండ నడుం మీద, ఏమీ లేని చోట,
బొటనవేలు ఆనించి చాలాసేపు ఉన్నాడు.
గోరు కింద పాత నెత్తురు నల్లగా.
"కొంచెం ఉత్తరానికి," అన్నాడు.
గాలం వదిలాడు.
పద్దెనిమిది బారలు. ఇరవై. ఇరవై రెండు.
ఇరవై మూడు దాటినా తాడు ఆయన వేళ్ల మధ్య
జారుతూనే ఉంది,
నేను పైకే లెక్కపెడుతున్నాను.