దూది బిరడాలు

ఫ్లాస్కు మూతికి దూది బిరడా నేనే చుడతా.
గట్టిగా చుడితే లోపలిదానికి ఊపిరాడదు,
వదులైతే బయటిది లోపలికొస్తుంది.
ఈ కొలత ఏ పుస్తకంలోనూ లేదు,
మా నాయన వింటినారిలో ఉండేది.

అనంతపురం పాతూర్లో పరుపులకి దూది ఏకినోళ్ళం.
ఫోము పరుపులొచ్చినంక విల్లు అటకెక్కింది,
నేను యూనివర్శిటీలో గాజుసామాన్లు కడిగే పనికొచ్చినా.
దస్తగిరమ్మా అంటే పలుకుతా.
ఇరవై రెండేండ్లు, నా సంతకం హాజరుపట్టీలోనే.

ఎర్రిస్వామి రాయదుర్గం పక్క పిల్లోడు.
వాళ్ళ చేన్లోని శెనక్కాయ వేర్లు పొట్లం కట్టి తెచ్చినాడు.
వాన రాని ఏడు, చేనంతా ఎండిపోతే
ఒక్క సాలు మటుకు పచ్చగా నిలిచిందంట.
ఎందుకో చూస్తానని
వేరు చీల్చి ముక్కలు పళ్ళెంలో పెట్టినాడు.
మూడోనాటికి ముక్క ముక్కకీ తెల్లటి నూగు.
"ఏకిన దూది మాదిరుందే సామీ!"
నేను నవ్వినా, వాడు నవ్వలేదు.

బూజంటే నాకు తెలుసు.
పచ్చబూజు పట్టిన కాయల్ని మా జేజి
కోళ్ళక్కూడా వేసేది కాదు.
అది కాలేయంలో పుండు పెడుతుందని
ఈడికొచ్చినంక చదువుకున్నోళ్ళు చెప్పినారు.
ఈ తెల్లది వేరే కులం.
పదైదు దినాలు కదపకుండా ఉంచితే
నీళ్ళు తుమ్మబంక రంగుకి తిరుగుతాయి.
వడగట్టి, ఆరబెట్టి, మళ్ళీ వడగట్టి
గోటిమీద పట్టేంత పొడి తీసినాడు.
పేరింకా పెట్టలేదు. సీసామీద పదిహేడు అని అంకె.

పూణే నుంచి మంచుడబ్బాలో కణాలొచ్చినాయి.
ఎవరో పరదేశపామెవంట.
ఆమె పోయి ఎన్నేండ్లాయెనో,
ఆమె గడ్డ మటుకు బతికే ఉందంట.
మట్టికి పోనీకుండా సాకుతా ఉన్నారు.
ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర లేదు.

పొడి కలిపిన మూడోపొద్దు
మైక్రోస్కోపులోంచి వాడు తలెత్తలేదు.
"చూడు దస్తగిరక్కా."
తడిసిన బొరుగుల మాదిరి
ముడుచుకోనున్నాయి అవి.

మా పెద్దక్క దవడకి కర్నూల్లో కరెంటు పెడతా ఉండిన దినాలవి.
అడగకూడదని తెలుసు. అడిగినా.
"ఒక్క చుక్క?"
వాడు పక్క పళ్ళెం చూపించినాడు.
దాంట్లోవి రోగం లేనివి. అవీ ముడుచుకున్నాయి.
"దీనికింకా పగోడెవురో చుట్టమెవురో తెలీదక్కా.
ఎలుకలు కావాల, ఏండ్లు కావాల."
అక్కకి అన్నేండ్లు లేకపాయె.

చలికాలానికి రంగు పల్చబడింది.
ఏడోసారి నాటితే తుమ్మబంక లేదు,
ఎనిమిదోసారి ఉత్త నీళ్ళు.
బూజు మటుకు తెల్లగా బలిసి పెరుగుతా ఉంది.
పెద్దసారు చెప్పినాడు:
వేరులో ఉన్నన్నాళ్ళు దానికి కరువు తెలుసు,
శత్రువులు తెలుసు, అందుకే విషం కాచేది.
సీసాలో చక్కెరపాకం పోసి సాకితిమి,
మరిచిపోయింది.

ఎర్రిస్వామి వేర్లకోసం మళ్ళీ ఊరికి పోయినాడు.
నాయనోళ్ళు చేను కౌలుకిచ్చేసినారు.
ఆ సాలుండినచోట కరెంటు అద్దాలు,
అద్దాల్లో ఆకాశం, దాంట్లో ఒక్క మబ్బూ లేదు.
కంచె కింద, కావలోడు చూడకుండా,
రాలిన గింజ దానంతటదే మొలిచింది ఒకటి
మట్టితో సహా పెరుక్కొచ్చినాడు, టిఫినుడబ్బాలో.

దాంట్లో అది ఉందో లేదో.
ఉన్నా, దానికి గుర్తుందో లేదో.

నా వేళ్ళకి మటుకు గుర్తే.
దూది తగిలితే చాలు, ఎవురూ చెప్పకుండానే
నారి మీటినట్టు కదుల్తాయి.
నలభై ఫ్లాస్కులు కడిగి బోర్లించినా.
తెల్లారి వేరు కోస్తాడంట.
దూదికట్ట విప్పుతా ఉన్నా,
ముందు ఆ కిటికీ మూయాల,
గాలి లేస్తా ఉంది.