లాడ్జి చెట్టు మీది మంచు

పద్నాలుగు మందిమి, మూడు గదులు,
వేడినీళ్లు మాత్రం ఒక్క గదిలోనే.

కాకినాడలో మాకు ఇల్లు లేదు, చుట్టాలు లేరు.
ఎనభై రెండేళ్లొచ్చాక మా అమ్మ
ఈసారి క్రిస్మస్ అక్కడ చేద్దామంది.
ఆరు పదుల కిందట నర్సు ట్రైనింగుకొచ్చి
మూడేళ్లు ఉన్న ఊరు, అంతే.

భిలాయి నుంచి అన్నయ్యవాళ్లు, చంకలో చంటిదానితో,
నెల్లూరు నుంచి తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్ల,
కొత్తగూడెం నుంచి అమ్మతో మేము,
మా ఎస్తేరూ అల్లుడూ,
ముందు పళ్లు రెండూడిన వాళ్ల జోయెలూ.
స్టేషను బయట ఆటో అతను తలలు లెక్కపెట్టి
"ఆయ్, రెండాటోలు చాలండి, సర్దుకుందురు గాని" అన్నాడు.
సర్దుకున్నాం.
నా ఒళ్లో రెండు సంచులు, అరడజను కేకులు,
ఎవరిదో మోచెయ్యి.

లాడ్జి మేనేజరు పెయింటు డబ్బాలో ఇసక పోసి
సరుగుడు కొమ్మ నిలబెట్టాడు,
దాని మీద దూదితో మంచు కురిపించాడు.
పక్కనే టేబుల్ ఫ్యాను.
తల ఇటు తిప్పినప్పుడల్లా కాస్త మంచు లేచి
రిజిస్టరులో మా పేర్ల మీద పడుతోంది.

"తాతమ్మా, మంచంటే ఇదేనా?"
అమ్మ ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి,
"ఇది ఆసుపత్రి దూదిరా. మంచి రకమే" అంది.

అన్నయ్యకీ తమ్ముడికీ నాలుగేళ్లుగా మాటల్లేవు,
ఖమ్మంలో నూట యాభై గజాల గురించి.
పండగ తెల్లవారుజామున ఆ ఒక్క బాత్రూము తలుపు దగ్గర
భుజాన తువ్వాలుతో ఇద్దరూ నిలబడ్డారు.
"నీళ్లున్నాయా?"
"ఇంకో బకెట్టుంది."
మా వదిన నా చెయ్యి గిల్లింది. ఊపిరి తియ్యలేదు నేను.

ఆరాధన అయ్యాక అమ్మను అడిగాం,
నువ్వు చదివిన ఆసుపత్రి చూద్దామా అని.
"ఏముంది అక్కడ? గోడలు" అంది.
"సముద్రానికి పోనివ్వు బాబూ."

డిసెంబరు ఎండ, అయినా మాడు చురుక్కుమంది.
కొత్త బట్టలు, ఉప్పు గాలి, గొట్టం కాజాల పాకం
అన్నీ ఒంటికి అంటుకుపోయాయి.
అలని తరిమి, అల తరిమితే కేకలు పెట్టి,
జోయెలు గాడు ఆల్చిప్ప తొక్కాడు.

రక్తం. ఎస్తేరు ఏడుపు వాడి ఏడుపును మించిపోయింది.
అల్లుడు ఫోనులో డాక్టర్లను వెతుకుతున్నాడు.
పండగ పూట ఎవరూ ఎత్తడం లేదు.
లాడ్జికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం.

"తప్పుకోండి," అంది అమ్మ.
ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు.
కాచి చల్లార్చిన నీళ్లు అడిగింది, చేతులు రెండుసార్లు కడుక్కుంది.
మేనేజరు బల్ల సొరుగులోంచి మందు సీసా తీశాడు.
నేరుగా చెట్టు దగ్గరికెళ్లి
పైకొమ్మ మీది మంచు, ఫ్యాను దుమ్ము తగలనిది,
గుప్పెడు కోసుకొచ్చింది.

టీ కప్పు పట్టుకుంటే సాసరు మోగిపోయే చేతులవి.
పొద్దున జాకెట్టు హుక్కులు నేనే పెట్టాను.
ఇప్పుడవి తొణకలేదు.
అన్నయ్య కొత్త చేతిరుమాలు బద్దలుగా చింపి
మడమ చుట్టూ ఎనిమిది అంకె తిప్పి
ముడి పక్కకు వేసింది, నడిస్తే ఒత్తుకోకుండా.

పెళ్లికి ముందు నెలలో మానేసింది ఆ ఉద్యోగం.
నాన్న వద్దన్నారట. ఆ సంగతి తెలుసు మాకు.
ఈ చేతుల సంగతే తెలీదు.

కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.
చెట్టు మీద దూది పోయినచోట
పచ్చగా, బోసిగా ఒక సందు.
"దూదికెంత?" అన్నదమ్ములిద్దరూ ఒకేసారి జేబుల్లో చెయ్యి పెట్టారు.
"అయ్యో, దానికేటండి" అన్నాడు మేనేజరు.

సామర్లకోటలో రైలు మారేటప్పుడు
ఎస్తేరు కట్టు మార్చబోతే వాడు కాలు లాక్కున్నాడు,
లోపల మంచుందట, విప్పితే కరిగిపోతుందట.
అమ్మ వినలేదు.
ప్లాట్‌ఫారం మీద ఎండ పడే బెంచీ చూసుకుని
చెప్పులు విడిచి కూర్చుంది.
మడతల్లో ఇంకా ఇసక ఉన్న చీర
దులుపుకోవడం లేదు.