రెండడుగుల దూరంలో

బెర్గెన్‌లో వాన పడితే
పిల్లలందరిదీ ఒకటే చప్పుడు.
రబ్బరు బూట్లు, రెయిన్‌కోట్ల గరగర.
ఎండ కాసిన రోజుల్లో
ఏ అడుగు ఎవరిదో
ఈదున్ ఇట్టే చెప్పేది.
ఎండ కాసే రోజులెన్నని ఇక్కడ?

ఆ బడిలో
తడిసిన చేతితొడుగులు ఆరబెట్టే మనిషిని నేను.
అక్టోబరులో ఇంకో పనీ అంటగట్టారు:
ఈదున్ నుదుటి పట్టీకి ఛార్జింగ్ పెట్టడం.

పట్టీకి ముందు బఠాణీ గింజంత కెమెరా.
ఎదుట మొహం ఉంటే చెవిలో పేరు చెబుతుంది.
ఆ మొహం తనవైపే చూస్తుంటే
టిక్ మంటుంది,
గాజు గ్లాసును గోటితో మీటినట్టు.

మొదటి వారం అదో ఆట.
వరసలో నిలబడి మొహాలు అప్పగించారు.
నాలుక చాపితే గుర్తుపట్టలేదని హాల్వార్ అలిగాడు.
సున్నివా వెనక్కి తిరిగి నిలబడి
"ఇప్పుడు నేనెవర్ని?" అంది.
"సున్నివావే. జలుబింకా తగ్గలేదు నీకు."
పట్టీ మాత్రం నోరు మెదపలేదు.

ఒక మంగళవారం సైకిళ్ళ షెడ్డు కింద
ఒక్కతే జున్ను రొట్టె తింటోంది.
ఒక్కతే అనుకునే తింటోంది.
రేకు మీంచి నీళ్ళు ధారగా జారితే
ఎందుకో తల తిప్పింది.
స్యూర్. రెండడుగులు.
టిక్.
టిక్.

స్యూర్ మాటలు లెక్కపెట్టి ఖర్చుచేసే పిల్లాడు.
హాజరుకు చెయ్యెత్తుతాడే గానీ పలకడు.
చూసే కళ్ళ మధ్య వాడికి ఉక్కపోత.
ఈ పిల్ల పక్కన కాస్త గాలాడేది,
వచ్చి నిలబడేవాడు.
నాకు తెలుసు. కిటికీలోంచి చూసేదాన్ని.
చెప్పలేదు. చెప్పాల్సిందేమో.

"ఎన్నాళ్ళనుంచి?"
జవాబు లేదు.
"నిన్న కూడానా?"
తలూపాడు.
తలూపడం పట్టీకి అర్థం కాదు.
"నిన్న నేను పాడుకున్నాను," అంది చెవులెర్రబడి,
"లెక్కల టీచర్ని తిట్టాను కూడా."
దొరికిపోయింది వాడో తనో తేలక
ఇద్దరూ కాసేపు వాన వింటూ ఉండిపోయారు.

డిసెంబరులో పట్టీ పాడైంది.
మరమ్మతుకు మూడు వారాలన్నారు.
ఇక ఆ షెడ్డు సంగతి అంతేననుకున్నాను.
మధ్యాహ్నం వాడు వచ్చాడు,
రెండడుగుల్లో ఆగాడు,
ఎవరిదో సైకిలు మీద చెయ్యేసి
గంట మోగించాడు. ఒక్కసారి.
ఆమె బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.

జనవరిలో పట్టీ తిరిగొచ్చింది.
రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను.
స్యూర్ అని అదింకా చెబుతూనే ఉందట,
గంట మోగాక,
అర క్షణం ఆలస్యంగా.