ఐదో గేరు దుంకుతది

ఘలా సనాయియ్యల, టైర్ల దుకాణం ఎనుక,
మా షెడ్డుకు తలుపు లేదు, రేకుంటది.
జూన్‌ల పొద్దున తొమ్మిదికే పానా పట్టుకుంటే
చెయ్యి చురుక్కుమంటది.

నాసిర్ బిన్ హమూద్ ఎనభై నాలుగు నాటి బండిని
ట్రక్కు మీద తేలే, తోలుకుంటనే వచ్చిండు.
నాలుగు సిలిండర్లు, ముందట పెద్ద అద్దం,
రెండు దిక్కుల పెట్టెలు. చైను లేదు, షాఫ్టు.
"లింబాద్రీ, ఖామిస్" అన్నడు.
ఐదోది.

ఇంకేం అడుగలే, ఆయన ఎడమ బూటు చూసిన.
బొటనవేలు మీద తోలు అరిగి
సాక్సు కనవడుతున్నది.
గేరు జారకుంట లివరును కిందికెల్లి ఎత్తిపట్టి
మొన్నటి ఖరీఫ్‌ల సలాలా దాక పోయిండట,
వెయ్యి కిలోమీటర్లు.
హైమా దాటినంక రోడ్డు స్కేలు వెట్టి గీసినట్టుంటది,
ఆడ నాలుగుల పోతే ఇంజను
మొత్తుకొని మొత్తుకొని గొంతు పోగొట్టుకుంటది.
గందుకని, వేలు.

క్లచ్చు మార్చుమన్నరు ఇద్దరు.
ఆయిలు చిక్కటిది పొయ్యుమన్నడు ఇంకొకడు.
గేరు దుంకుడుకు క్లచ్చేం జేస్తది?
గేరు పక్కన మెట్లసొంటి పండ్లుంటయి, డాగులంటం.
మూలలు గుండ్రంగ అరిగినయనుకో,
బరువు వడంగనే ఒకదాన్నొకటి నూకేసుకుంటయి.

ఇంజను దించి, బోర్ల పండవెట్టి,
ఏ బోల్టు ఏ పొక్కలదో అట్టముక్క మీద గీసుకుంట
అన్నీ ఇప్పి, రబ్బరు సుత్తెతోని నాలుగు దెబ్బలు.
మాడిన బెల్లం లెక్క వాసనొచ్చింది.

కేసు లోపట గీతలున్నయి.
పగులనుకున్న. గుండె జారింది. గుడ్డతోని తుడిచిన.
తెలుగు.

"ఫోర్కు వంగింది. సామాను రాలే.
సాపు చేసి పెట్టిన. ఎక్కువ దినాలు ఆగది.
మాఫ్ చేయున్రి. 1998"

పేరు లేదు.
"ర్కు" కాడ చెయ్యి రెండుసార్లు జారింది.

తొంభై ఎనిమిదిల నేను మెట్‌పల్లిల
ఎనిమిదో తరగతి తప్పి, సైకిళ్ళకు పంచర్లు ఏస్తున్న.
ఎవనికి రాసిండు ఈ మనిషి?
బండి ఆసామి చదవలేడు, కఫీలు చదవలేడు.
ఎన్నడో ఎవడో ఇప్పుతడని,
ఇప్పినోనికి ఈ అక్షరాలు వస్తయని
ఎట్లనుకున్నడు?

వాదీ కబీర్‌ల ముసలి వెల్డరు వర్గీసు నడిగిన.
ఒకాయన ఉండెనట, బీడీలు తాగేటోడు,
ఫోర్కులు మంటల కాల్చకుంట
వైసుల పెట్టే సాపు చేస్తుండెనట.
బహ్రెయిన్ పోయిండో, ఇంటికే పోయిండో.

ఫోర్కు మార్చిన. అజ్మాన్ కబాడిల దొరికిన
పాత ఇంజనుకెల్లి పీకిందే, మాకు గదే కొత్తది.
డాగుల మూలలను సియాల్‌కోట్ ఖరాదీ ఇమ్దాద్
మూడు డిగ్రీలు లోపలికి కోసిండు.
ఇగ బరువు వడితే నూకుకోవు,
దగ్గరికి గుంజుకుంటయి.

వంగిన ఫోర్కును డబ్బాల పడేయ బుద్ధి కాలే.
ఇరవై ఆరేండ్లు.
ఎక్కువ దినాలు ఆగదన్నడు గదా.

కేసు మూసే ముందు సువ్వ తీసిన.
ఆయన గీతల కింద నాలుగేళ్ళంత జాగున్నది.
పేరు రాద్దామని ఒరిగి, ఆగి,
"ఆగింది" అని రాసిన. గంతే.

శుక్రవారం, ఫజర్ అజా అయినంక,
బిద్‌బిద్ ఎక్కుడు. గుట్టలింకా నల్లగనే ఉన్నయి.
మూడు. నాలుగు.
ఐదు, టక్కుమని.
నా వేలు దానంతల అదే లివరు కిందికి పోయింది.
తీసిన. బండి పట్టుకునే ఉన్నది.

సుమాయిల్ కాడ ఆగి చాయ్ తాగిన.
మలిగి వస్తుంటే షాఫ్టు దిక్కు
సన్నగ ఏదో మోత.
మల్ల ఇప్పాలె.