కష్టమోళ్లు

గ్యాసాఫీసుల పిల్లగాడు మా ఇంటిపేరును
ఎముకలేరినట్టు చదువుతడు:
క... స్తా... న్యో... లి.
"ఏ ఊరోళ్లక్కా మీరు?"
కాజీపేటోళ్లమే. డీజిల్ కాలనీ ఎనుక సందు.

మా తాత మార్టీను
గత్తరొచ్చిన యేడు ఫాదర్ల బంగ్ల అరుగు మీద
గోనెసంచిల దొరికిండట.
బాప్తిస్మం పుస్తకంల
ఇంటిపేరు గడి ఒక్కటే బోసిగ మిగిలింది.
ఇటలీ ఫాదరు చానసేపు దాన్నే చూసి
తన ఇంటిపేరు రాసిండు.
పెండ్లి లేని మనిషి,
ఇంకెవలకిస్తడు?

వాడకట్టు నోట్ల పడి అది కస్తనోళ్లయింది,
కొన్నొద్దులకు కష్టమోళ్లు.
"సరిగ్గనే పలుకుతున్రు" అంటుండె నాయిన,
నైట్ డ్యూటీకి లాంతరు తుడుసుకుంట.

అదొక చెట్టు పేరట.
సలికొండల మీద ముండ్లకాయ కాస్తదట,
లోపలి గింజను కాల్చుకొని తింటరట.
మేం మక్కకంకులు కాల్చుకున్నోళ్లం,
ఆ రుచి మాకెట్ల ఎరుక?

నిరుడు ఆ కొండల ఊరినుంచి ఉత్తరమొచ్చింది:
"ఇక్కడ ఈ పేరు సమాధిరాళ్ల మీదనే మిగిలింది.
మీ దిక్కు ఎంతమంది?"

వేళ్లు మడిచిన.
అమ్మ, నేను, తమ్ముడు, వాని బిడ్డ.
వంశమంత ఒక్క రేషన్ కార్డుల పడుతది.

నలుగురమని రాసి ఆగిన.
చర్చి ఎనుక, యాపచెట్టు కింద
సున్నం రాలిన సిలువ కాడ
ఆయన కూడ ఇక్కడనే ఉన్నడు గద.
కొట్టేసి, ఐదు అని దిద్దిన.

"అక్కా, పేరు మల్లొకసారి చెప్పు,
కంప్యూటర్ తీసుకుంటలేదు."